వదులైన పళ్లకు క్లిప్పులు పెట్టొచ్చా?

నలభై దాటాక పైవరుస ముందు పళ్లు కాస్త బయటికి వాలి, వాటి మధ్య సందులు పడితే ‘వయసు మీద పడింది’ అనుకుంటాం. చాలాసార్లు అది వయసు కాదు, చిగుళ్ల జబ్బు.

గట్టు మట్టి సగం కోసుకుపోయిన కాలవ పక్క కొబ్బరిచెట్టు ఎటు ఒరుగుతుందో కోనసీమలో ఎవరికైనా తెలుసు. పన్నుకు గట్టు దవడ ఎముక. పాచిలోని సూక్ష్మజీవుల మీద ఒళ్లు చేసే పోరాటంలో ఆ ఎముకే కరిగిపోతుంది. నాలుక తోపు, నమిలేటప్పుడు పడే బరువు మునుపటిలాగే ఉంటాయి, పట్టు మాత్రం తగ్గిపోతుంది.

అలాంటి పళ్లను క్లిప్పుల తీగతో మళ్లీ వెనక్కి తేవచ్చు. పన్నుకూ ఎముకకూ నడుమ మిల్లీమీటరులో ఐదో వంతు మందం ఉండే పీచుపొర ఉంటుంది. తీగ నెట్టిన వైపు కణాలు ఎముకను కరిగిస్తాయి, వెనకవైపు కొత్త ఎముక కడతాయి. యాభైలోనూ ఈ పని ఆగదు, కాస్త నిదానిస్తుందంతే. అడ్డు వచ్చేది వయసు కాదు, చిగుళ్ల వాపు. కుక్కలపై చేసిన ప్రయోగాల్లో, పాచి పట్టిన పళ్లను క్లిప్పులతో వాల్చినప్పుడు ఆ పాచి చిగురు కిందికి దిగి ఎముకను తినేసింది. శుభ్రంగా ఉంచిన పళ్ల దగ్గర అలా జరగలేదు.

అందుకే ముందు క్లీనింగ్. ‘క్లీనింగ్ చేయిస్తే పళ్లు ఊడతాయట’ అనే టెన్షన్ మన ఊళ్లలో ఇంకా పోలేదు. నిజానికి పళ్లను అతికించి ఉంచిన గార పోయేసరికి, అప్పటికే ఉన్న వదులు బయటపడుతుంది. చిగురుకూ పన్నుకూ మధ్య లోతు మామూలుగా 3 మిల్లీమీటర్ల లోపు ఉంటుంది. జబ్బు చేసిన చోట అది 4కి మించకుండా, తాకితే రక్తం రాకుండా ఉండే స్థితికి వచ్చాకే తీగ కట్టడం మేలు. షుగరు అదుపులో ఉండాలి. చుట్టలు, సిగరెట్లు మానాలి. లంక పొగాకు ఎంత మేలు రకమైనా చిగుళ్లకు మాత్రం చేటే.

తీగ బలం కూడా తగ్గించాలి. ఎముక తగ్గిన పన్నులో, తోపుకు ఎదురు నిలిచే బిందువు వేరు కొస వైపు జారుతుంది. కుర్రాళ్ల పళ్లకు సరిపోయే బలమే ఇక్కడ పన్నును ఇంకా వాల్చేస్తుంది.

వైద్యం పూర్తయ్యాక పళ్ల వెనక సన్నటి తీగ అతికిస్తారు, చాలామందికి అది జీవితాంతం ఉండాల్సిందే. చికిత్స నడుస్తున్నన్నాళ్లూ మూడు నెలలకోసారైనా శుభ్రం చేయించుకోవాలి. పోయిన ఎముక చాలావరకు తిరిగి రాదు. సందులు మూసుకున్నా చిగురు దగ్గర చిన్న నల్లటి త్రికోణాలు మిగలొచ్చు. ఈ సంగతి డబ్బు కట్టకముందే చెప్పే డాక్టరునే నేను నమ్ముతాను.