బొప్పి మీద స్కానింగ్: పసిబిడ్డల తల దెబ్బలపై అపోహలు, వాస్తవాలు

నెల్లూరులో క్యాజువాలిటీ డ్యూటీ చేస్తాను. మంచం మీంచో, ఉయ్యాల్లోంచో పడ్డ చంటిబిడ్డలు మా దగ్గరికి తరచూ వస్తారు. కింద ఎముక పగిలిందేమోనని బొప్పి మీద అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేసి చూస్తాం.

అపోహ: బొప్పిని గట్టిగా రుద్దితే అణిగిపోతుంది.

వాస్తవం: రుద్దకండి. ఆమధ్య వింజమూరు వైపు నుంచి ఎనిమిది నెలల బిడ్డను తెచ్చారు. చెవి పైభాగాన వాపు, తాకితే దూదిలా మెత్తగా ఉంది. "కొబ్బరినూనె పెట్టి బాగా రుద్దాను మేడమ్" అంది అవ్వ. రెండేళ్లలోపు పిల్లల్లో నుదుటి బొప్పి కంటే పక్కన, వెనక వచ్చే మెత్తటి వాపు మమ్మల్ని ఎక్కువ భయపెడుతుంది. దాని కింద ఎముక చిట్లి ఉండొచ్చు. బిడ్డను తల్లి ఒళ్లోనే ఉంచి, జెల్ దండిగా వేసి, చేత్తో పట్టుకునే స్కానింగ్ పరికరం ప్రోబ్‌ని వాపు మీద నొక్కకుండా ఆనించాను. ఎముక తెల్లటి గీతలా కనిపించింది. ఒకచోట ఆ గీత తెగి, చిన్న మెట్టులా దిగింది. పుర్రె ఎముకలు కలిసే అతుకు కూడా ఇలాగే పగులులా కనిపించి మోసం చేస్తుంది. అతుకైతే తలకి రెండో వైపూ అదే చోట ఉంటుంది, దాని వెంబడే పోతే మాడు (నెత్తిన ఎముక ఇంకా మూసుకోని మెత్తటి చోటు) దగ్గరికి చేరతాం. ఇది అటు చేరలేదు. పగులే.

అపోహ: ఈ స్కానింగ్‌తో రేడియేషన్ తగులుతుంది.

వాస్తవం: తగలదు. ఇది శబ్ద తరంగాలతో చేసేది. రేడియేషన్ ఉండేది సీటీలో, అంటే ఎక్స్‌రేలతో తల లోపల చూసే స్కాన్‌లో.

అపోహ: స్కానింగ్‌లో ఏమీ లేదంటే ఇంటికి పోవచ్చు.

వాస్తవం: నన్ను అన్నిటికంటే కలవరపెట్టే మాట ఇదే. ఈ పరీక్ష పదింటిలో దాదాపు తొమ్మిది పగుళ్లను పట్టుకుంటుంది. అయితే ప్రోబ్ పెట్టిన చోటే చూస్తుంది, అదీ ఎముకనే. మాడులోంచి మెదడును కొంత చూడగలం గానీ, పుర్రెను అంటుకుని పక్కల్లో, వెనక చేరిన రక్తం తప్పించుకోవచ్చు. పగులు లేకుండానే లోపల రక్తం కారొచ్చు. బిడ్డ మందకొడిగా ఉంటే స్కానింగ్ ఎంత బాగున్నా సీటీకి పంపుతాను.

అపోహ: వాంతి కాలేదు, భయం లేదు.

వాస్తవం: వాంతి లేకపోయినా ప్రమాదం ఉండొచ్చు. మూడడుగులకు మించిన ఎత్తు నుంచి పడినా, కాసేపు స్పృహ తప్పినా, లేపితే సరిగా లేవకపోయినా, "మా బిడ్డ ఎప్పటిలా లేదు" అని తల్లికి అనిపించినా వెంటనే తీసుకురండి. ఆ తల్లి మాటను మేం పరీక్షతో సమానంగా చూస్తాం. వచ్చేటప్పుడు ఎన్ని గంటలకు పడింది, ఎంత ఎత్తు, కింద మట్టా, బండలా, ఏ వైపు తగిలింది, ఇవి చూసినవాళ్లనే వెంటబెట్టుకు రండి.