చిన్న టర్బో పెట్రోల్ ఇంజిన్: భారమంతా ఆయిల్ మీదే

2019లో వచ్చిన హ్యుందాయ్ వెన్యూలో రెండు పెట్రోల్ ఇంజిన్లు ఉండేవి. 1.2 లీటర్ల మామూలు ఇంజిన్ 83 పీఎస్ శక్తి, దాదాపు 114 ఎన్‌ఎం టార్క్ (తిప్పే బలం) ఇచ్చేది. 998 సీసీ మూడు సిలిండర్ల టర్బో మాత్రం 120 పీఎస్, 172 ఎన్‌ఎం ఇచ్చింది. పైగా ఆ టార్క్ 1,500 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) నుంచే అందుతుంది. ఘాట్ రోడ్డెక్కేటప్పుడు తేడా తెలిసేది అక్కడే.

టర్బోలో, ఇంజిన్ నుంచి బయటికి పోయే వేడి పొగ టర్బైన్ చక్రాన్ని తిప్పితే, అదే ఇరుసుకు అవతలి కొసన ఉన్న కంప్రెసర్ చక్రం గాలిని ఒత్తి సిలిండర్లలోకి పంపుతుంది. ఇంత చిన్న టర్బోల్లో ఇరుసు నిమిషానికి 2 లక్షల చుట్లు కూడా దాటుతుంది. ఒక పక్క పొగ వేడి 900 డిగ్రీల పైమాటే. ఆ ఇరుసును మోసేది పలచటి ఆయిల్ పొర. హైవే మీద గట్టిగా తోలి వచ్చి వెంటనే ఇంజిన్ ఆపేస్తే, బేరింగుల్లో నిలిచిన ఆయిల్ మాడిన మూకుడులా నల్లగా అట్టకట్టే ప్రమాదం ఉంది. ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపడం మంచిది.

ఇంకో ముప్పు తక్కువ వేగంలో వస్తుంది. పై గేరులో 1,500 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే, సిలిండర్‌లో చేరిన ఆయిల్ తుంపర ప్లగ్ నిప్పురవ్వ కన్నా ముందే అంటుకోవచ్చు. ఆ దెబ్బకు పిస్టన్ పగిలిన సందర్భాలున్నాయి. ఆయిల్‌లోని కాల్షియం దీన్ని పెంచుతుందని తేలాకే కొత్త గ్రేడులు వచ్చాయి. 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఆయిల్ ప్రమాణం) గ్రేడుకు ఇందుకు ప్రత్యేక పరీక్ష ఉంది. మాన్యువల్ చెప్పిన చిక్కదనంలో ఆ గ్రేడు డబ్బానే అడగండి, గట్టిగా తొక్కే ముందు గేరు కూడా దించండి.

ఈ టర్బో ఇంజిన్‌లో ఉన్న డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లో పడుతుంది. గాలిని లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వులను పెట్రోల్ కడగదు కాబట్టి వాటిపై మసి పేరుకుంటుంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇంజిన్ కుదుపుతుంది. ట్యాంకులో పోసే క్లీనర్ అక్కడికి చేరదు. మానిఫోల్డ్ (గాలిని సిలిండర్లకు పంచే గొట్టాల అమరిక) విప్పి శుభ్రం చేయాల్సిందే.

బండి లాగడం లేదు, స్కానర్‌లో పీ0299 (టర్బో ఒత్తిడి తగ్గిందని చెప్పే) కోడ్ వచ్చింది అనగానే టర్బో మార్చమంటారు. తొందరపడొద్దు. ముందు ఇంటర్‌కూలర్ (టర్బో ఒత్తిన గాలిని చల్లార్చేది) గొట్టాలు, క్లాంపులు చూడండి. గాలి లీకైతే బుస్సుమనే చప్పుడు వస్తుంది. తర్వాత ఇంజిన్ చల్లారాక గొట్టం ఊడదీసి కంప్రెసర్ చక్రాన్ని వేళ్లతో కదపండి. పక్కలకు కాస్త ఆడితే మామూలే. ముందుకూ వెనక్కూ స్పష్టంగా ఆడినా, రెక్కలు గోడకు రాసుకున్న గీతలున్నా టర్బో పోయినట్టే. అప్పుడు కొత్త ఆయిల్ పైపు కూడా వేయించండి. పాత పైపు పూడుకుపోయి ఉంటే కొత్త బేరింగులకూ ఆయిల్ అందదు.