గ్రాఫ్ట్ గట్టిపడితే బైపాస్ పోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

"రిపోర్టులో గ్రాఫ్ట్ గోడ మందమైందని రాశారు డాక్టర్ గారూ, ఇక కాలు పోయినట్టేనా?" కాలికి బైపాస్ చేయించుకున్నవాళ్లు ఎంతమంది ఇలా అడిగారో లెక్కలేదు. బైపాస్ అంటే మూసుకుపోయిన ధమనిని దాటి రక్తం వెళ్లేలా పక్కనుంచి కొత్త దారి కుట్టడం. ఆ కొత్త దారే గ్రాఫ్ట్, చాలావరకు అది మీ కాలి సిరే. రాత్రంతా నిద్రపోలేదని ముఖం చూస్తేనే తెలుస్తుంది. పక్కింటివాళ్లెవరో "గట్టిపడిందంటే మూసుకుపోయినట్టే" అని చెప్పి ఉంటారు. వాళ్ల మీద నాకు ఒళ్లు మండుతుంది.

పడుకున్నప్పుడు కాలి సిరలో రక్తపు ఒత్తిడి (బీపీ కొలిచే లెక్కలోనే) 10 మి.మీ. అటూ ఇటూగా ఉంటుంది. దాన్ని తీసి ధమనికి కుట్టగానే సగటున 90-100 ఒత్తిడి తగులుతుంది, అదీ గుండె కొట్టుకున్న ప్రతిసారీ. తట్టుకోవడానికి సిర మొదటి వారాల్లో కాస్త వెడల్పవుతుంది, ఆపైన నెలల తరబడి గోడ మందమై, గట్టిపడుతుంది. ఇది మానడంలో భాగమే. గోడ ఎంత గట్టిగా ఉందన్నది కాదు, లోపల దారి ఎంత మిగిలిందన్నదే మేం చూసేది. కుట్ల దగ్గర, సిరలో ముందునుంచీ ఉన్న కవాటాల దగ్గర లోపలి పొర అతిగా పెరిగితే దారి ఇరుకవుతుంది. సిరా ధమనీ ఒకేలా సాగవు కాబట్టి కుట్టు దగ్గర రక్తం సుడి తిరగడం దీనికి ఒక కారణం.

కాళ్లు పోగొట్టే అపోహ వేరే ఉంది: "నొప్పి లేదుగా, స్కాన్ ఎందుకు?" ఇరుకు ఎక్కువగా మొదటి ఏడాది, రెండేళ్లలోనే వస్తుంది. 70 శాతం మూసుకున్నా కాలికి ఏమీ తెలియకపోవచ్చు. రక్తం వేగం కొలిచే డాప్లర్ స్కాన్‌లో మాత్రం ఆ చోట రక్తం వేగం సెకనుకు 300 సెం.మీ. దాటి కనిపిస్తుంది. అప్పుడైతే చాలాసార్లు లోపల బెలూన్ ఉబ్బించి దారి వెడల్పు చేస్తే సరిపోతుంది. పూర్తిగా మూసుకుపోయాక తెరవడం కష్టం, తెరిచినా ఎక్కువ కాలం నిలవదు.

ఒక రిటైర్డ్ మాస్టారు ఆరు వారాల స్కాన్‌కి వచ్చారు. "బాగా నడుస్తున్నారు, భేష్" అన్నాను. ఆయన దాన్ని ఇక రానక్కర్లేదని అర్థం చేసుకున్నారు. పదో నెలలో ఒక తెల్లవారుజామున పాదం చల్లబడి వచ్చారు. కాలు దక్కింది, రెండు వేళ్లు దక్కలేదు. అప్పటినుంచి భేష్ అనే ముందే తర్వాతి స్కాన్ తేదీ రాసి చేతికిస్తున్నాను.

మిగతావి గబగబా చెప్పేస్తాను. గాయం మానాక నడిస్తే కుట్లు తెగవు, నడవాలి. గ్రాఫ్ట్‌గా సిర బదులు వాడే ప్లాస్టిక్ ట్యూబ్ సిర కంటే మేలు కాదు, అది ఇంకా బిరుసు. మోకాలి కిందికైతే సిరే నయం. సిగరెట్ తాగితే గ్రాఫ్ట్ మూసుకుపోయే ముప్పు దాదాపు మూడింతలు. ఆస్పిరిన్, స్టాటిన్ (కొలెస్ట్రాల్ మందు) మీ అంతట మీరు ఆపొద్దు.

పాదం ఉన్నట్టుండి చల్లబడినా, పాలిపోయినా, మొద్దుబారినా స్కాన్ తేదీ దాకా ఆగకండి. ఆ గంటలోనే బయల్దేరండి.