దోమ లార్వా పొట్టలో సర్ఫు నీళ్లు

దోమ లార్వాని మైక్రోస్కోప్ కింద చూడటం తేలిక. ఒళ్లు దాదాపు పారదర్శకం, కోయక్కర్లేకుండానే నోటి దగ్గర్నించి చివరిదాకా పేగంతా కనిపిస్తుంది. మధ్యలో ముదురు రంగు గీత ఉంటుందే, అదే అది తిన్న తిండి: నాచు, బ్యాక్టీరియా, కుళ్లిన ఆకుల పొడి.

పేగు మూడు భాగాలు. ముందు పేగుకీ వెనక పేగుకీ లోపల కైటిన్ (పురుగుల పైపెంకులో ఉండే గట్టి పదార్థం) పూత ఉంటుంది, కుబుసం విడిచినప్పుడల్లా అది కూడా ఊడొస్తుంది. వాటినలా వదిలేద్దాం, అసలు కథ మధ్య పేగులో ఉంది.

ఇక్కడ కైటిన్ పూత లేదు. గోడ అంటే ఒకే ఒక్క వరస కణాలు, వాటి లోపలి అంచు నిండా మైక్రోవిల్లై అనే అతి సన్నని పోగులు. మరి తిండితో పాటు వచ్చే మట్టి రేణువులు గీసుకుంటే? అలా జరక్కుండా ముందు పేగు, మధ్య పేగు కలిసే చోట కార్డియా అనే భాగంలోని కణాలు కైటిన్ కలిసిన ఒక పల్చటి గొట్టాన్ని ఆపకుండా తయారుచేస్తూనే ఉంటాయి. దాని పేరు పెరిట్రోఫిక్ పొర. తిండి ఆ గొట్టం లోపలే కదులుతుంది, ఎంజైములు దాని సూక్ష్మ రంధ్రాల్లోంచి లోపలికెళ్తాయి, జీర్ణమైన చిన్న అణువులు బయటికొచ్చి కణాలకి అందుతాయి.

ఇంకో వింత. మన జీర్ణాశయంలో ఉండేది ఆమ్లం, దీని మధ్య పేగు ముందు భాగంలో ఉండేది క్షారం, అదీ పీహెచ్ 10 దాటి, అంటే ఇంచుమించు సర్ఫు నీళ్లంత. అక్కడి కణాలు హైడ్రోజన్ అయాన్లని పేగులోంచి రక్తం వైపుకి తోడేస్తూ ఉండటం వల్లే ఇది సాధ్యమవుతోంది, దానికి బోలెడు శక్తి ఖర్చు. వెనక్కి వెళ్లేకొద్దీ పీహెచ్ తగ్గిపోతుంది.

ఈ క్షారమే దాని కొంప ముంచుతుంది. 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో దొరికిన బీటీఐ (బాసిలస్ తురింజియెన్సిస్ ఇజ్రాయెలెన్సిస్) అనే బ్యాక్టీరియా ప్రొటీన్ స్ఫటికాలు తయారుచేస్తుంది. దీన్నే లార్వాలని చంపడానికి నీళ్లలో చల్లుతారు. లార్వా వాటిని మింగితే ఆ క్షారంలో కరిగిపోతాయి, లార్వా సొంత ఎంజైములే ఆ ప్రొటీన్‌ని కత్తిరించి విషంగా మారుస్తాయి, అది గొట్టం దాటి మైక్రోవిల్లైకి అతుక్కుని కణాలకి చిల్లులు పెడుతుంది. కణాలు ఉబ్బి పగిలిపోతాయి. మన కడుపులో ఆ క్షారమూ లేదు, అది అతుక్కునే చోటూ లేదు.

అయితే లార్వా కాస్తా ప్యూపా (దోమగా మారే ముందు దశ) అయ్యాక బీటీఐ చల్లినా దండగే, ప్యూపా ఏమీ తినదు. ఆ దశలోనే పాత పేగు గోడ కణాలన్నీ రాలిపోయి, మూలన దాక్కున్న చిన్న కణాల్లోంచి పెద్ద దోమకి కావలసిన కొత్త గోడ తయారవుతుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమని కోసి మలేరియా క్రిమిని పట్టుకున్నది ఈ రెండో గోడలోనే. పెద్ద దోమ పద్ధతి వేరు, రక్తం తాగాకే ఇక్కడ పెరిట్రోఫిక్ పొర ఏర్పడుతుంది, అదీ కార్డియాలో కాదు, మధ్య పేగు కణాల్లోంచే. మలేరియా క్రిమి ఆ పొర దాటడానికి కైటిన్‌ని కరిగించే ఎంజైము తన వెంటే తెచ్చుకుంటుంది.