పాత పటాన్ని కొత్తగా చేయడం మా పని కాదు

చిత్రాల పరిరక్షణ చదువుకుని, ఆ పని మీదే బతుకుతున్నాను. ఫైన్ ఆర్ట్స్‌లో చేరాలనుకునే పిల్లలూ, వాళ్ల తల్లిదండ్రులూ దీని గురించి ఎప్పుడూ ఈ మాటలే అంటుంటారు.

అపోహ: పాత బొమ్మకు మళ్లీ రంగులేసి తళతళలాడించడమే ఈ విద్య.

వాస్తవం: మా చదువులో సగం చేతిని ఆపుకోవడమే. రంగు రాలిన చోటునే పూరిస్తాం, పక్కనున్న అసలు రంగును కుంచె తాకకూడదు. వేసింది రేపు ఎవరైనా తీసేయగలగాలి. 1939లో రోమ్‌లో మొదలైన పునరుద్ధరణ సంస్థ తొలి సంచాలకుడు చెసరే బ్రాండి. అక్కడ రూపుదిద్దుకున్న పద్ధతిలో ఖాళీని సన్నటి నిలువు గీతలతో నింపుతారు. దూరం నుంచి చూస్తే బొమ్మ అతుకు లేకుండా కనిపిస్తుంది. దగ్గరికెళ్తే ఏది పాతదో, ఏది మనం వేసిందో తెలిసిపోతుంది.

అపోహ: మురికే కదా, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

వాస్తవం: ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. చెరియాల పటాన్నే తీసుకోండి. ఖాదీ గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపిన పూత పూసి, దాని మీద బంక కలిపిన రంగులు వేస్తారు. ఆ బంక నీటికి కరుగుతుంది. ఒకరి ఇంటి నుంచి వచ్చిన పటంలో కథానాయకుడికి సగం మీసమే మిగిలింది. తక్కిన సగం తుడిచిన గుడ్డకే అంటుకుపోయింది. అందుకే ముందు పరీక్ష చేస్తాం. వెదురు పుల్లకు దూది చుట్టి, కాస్త తడిపి, ఓ మూల మినపగింజంత చోట దొర్లిస్తాం. రుద్దం. దూదికి రంగు అంటిందా అని చూస్తాం. ఎరుపు అంటలేదని నీలాన్ని నమ్మడానికి లేదు, ఏ రంగుకు ఆ రంగు విడిగా పరీక్షించాల్సిందే. కొన్ని నూనె చిత్రాల మీది మురికికైతే మా ఉమ్మే మందు. నవ్వకండి, ఉమ్మి మురికిని ఎంత బాగా వదిలిస్తుందో కొలిచిన పరిశోధనకు 2018లో ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి) ఇచ్చారు.

అపోహ: బొమ్మలు బాగా వేస్తే చాలు, సీటు వచ్చినట్టే.

వాస్తవం: రసాయన శాస్త్రం తప్పదు. సైన్సు వదిలించుకుందామని ఇటు వచ్చి మొదటి ఏడాది ఏడ్చినవాళ్లలో నేనూ ఉన్నాను.

అపోహ: రంగస్థల రూపకల్పనకూ పరిరక్షణకూ సంబంధమే లేదు.

వాస్తవం: జర్మనీలో డ్రెస్డెన్ కళా అకాడమీ చిత్రకళతో పాటు ఈ రెండింటినీ నేర్పుతుంది. స్వభావాలు వేరన్నది నిజమే. రంగస్థలం వాళ్లు చిన్న నమూనా కట్టుకుని, ఆఖరి వరుస ప్రేక్షకుడిని దృష్టిలో పెట్టుకుని రంగులేస్తారు, ఆట అయ్యాక విప్పేస్తారు. మేము అంగుళం దూరం నుంచి చూస్తాం. కానీ ఊరూరా తిరిగిన నాటకం తెర చివరికి మా బల్ల మీదికే వస్తుంది. చుట్టిన ప్రతిసారీ నలిగి, మడతల వెంట రంగు పగిలి ఉంటుంది. రాలబోయే పెచ్చులను అతికిస్తాం. పగుళ్లను మాత్రం పూరించాలా, తిరిగిన ఊళ్లకు గుర్తుగా వదిలేయాలా అని మాలో మేమే గంటలకొద్దీ పోట్లాడుకుంటాం.