జాబితాలో పేరు: తిరుపతి సెక్స్ వర్కర్ల హక్కుల నేపథ్యం

తిరుపతి రైల్వే స్టేషన్‌లో దిగిన యాత్రికుడు కాలినడకన కొద్ది నిమిషాలలోనే గోవిందరాజస్వామి ఆలయానికి చేరుకుంటాడు. ఆ చుట్టుపక్కల వీధులలో లాడ్జీలు, సత్రాలు, బడులు, ఆసుపత్రులు ఒకదానినొకటి ఆనుకుని ఉంటాయి. వాడుకలో పీటా అని పిలిచే అనైతిక వ్యాపార నిరోధక చట్టంలోని 7వ సెక్షన్ ప్రకారం గుడికి, బడికి, ఆసుపత్రికి 200 మీటర్ల లోపు వ్యభిచారం చేస్తే శిక్ష ఉంటుంది. వయోజన మహిళ డబ్బు తీసుకుని ఈ పని చేయడాన్ని మాత్రం ఆ చట్టం దానంతటదే నేరమనలేదు. అయితే అడుగడుగునా గుడి ఉన్న ఊరిలో ఆ 200 మీటర్ల వలయాలను పటం మీద గీసి చూస్తే, వాటి బయట మిగిలే చోటు చాలా తక్కువ.

పీటాకు ముందు కూడా ఈ ప్రాంతానికి ఇటువంటి చట్టాలతో పరిచయం ఉంది. తిరుపతి అప్పట్లో ఉన్న చిత్తూరు జిల్లా 1953 వరకు మద్రాసులో భాగం కనుక, సంఘసంస్కర్త ముత్తులక్ష్మీ రెడ్డి ఏళ్ల తరబడి పట్టుబట్టగా 1947లో వచ్చిన దేవదాసీ నిరోధక చట్టం ఇక్కడికీ వర్తించింది. 1988లో ఆంధ్రప్రదేశ్ మరొక చట్టం చేసింది. అయినా ఆడపిల్లలను మాతమ్మ అనే గ్రామదేవతకు వదిలే ఆచారం దళిత కుటుంబాలలో కొనసాగుతున్నదన్న ఆరోపణల మీద 2017లో జాతీయ మానవ హక్కుల కమిషన్ రాష్ట్ర ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. అలా వదిలిన మాతమ్మలందరినీ సెక్స్ వర్కర్లుగా లెక్కవేయడం వారికి అన్యాయం చేయడమే. పసిపిల్లను దేవత పేరున వదిలేయడమూ, వయోజన మహిళ బతుకుతెరువు కోసం ఒక పని ఎంచుకోవడమూ వేరు వేరు విషయాలు. రెండింటినీ ఒకే గాటన కట్టినప్పుడల్లా పిల్లకు రక్షణా దక్కలేదు, పెద్దామెకు హక్కూ దక్కలేదు.

పీటా 1956లో వేరే పేరుతో పుట్టి, 1986 సవరణతో ఇప్పటి పేరు పొందింది. దానిలోని 8వ సెక్షన్ ప్రకారం విటులను పిలిచినందుకు మహిళకు మొదటిసారి ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. అదే తప్పు చేసిన పురుషుడికి మూడు నెలలు మించదు. ఆమె సంపాదన మీద బతికే వారిని శిక్షించే 4వ సెక్షన్ ఆమెను దోచుకునే వాడి కోసం రాసినదే అయినా, పద్దెనిమిదేళ్లు దాటిన కన్నకొడుకును కూడా అనుమానితుడిని చేయగలదు.

అదే 1986లో, చిత్తూరుకు గంట ప్రయాణం దూరంలో ఉన్న వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో దేశపు మొదటి హెచ్ఐవీ కేసులు బయటపడ్డాయి. మద్రాసులో పోలీసులు పట్టుకుని నిర్బంధ గృహంలో ఉంచిన మహిళల నుంచి పరిశోధక విద్యార్థిని నిర్మల, డాక్టర్ సునీతి సోలమన్ మార్గదర్శకత్వంలో, రక్తం సేకరించగా ఆరుగురిలో వైరస్ కనిపించింది. ఆ పరిశోధన ఎందరి ప్రాణాలనో కాపాడింది, అందులో సందేహం లేదు. కానీ అప్పటిదాకా సెక్స్ వర్కర్‌ను నీతి తప్పిన మనిషిగా చూసిన ప్రభుత్వం ఇక ఆమెను రోగం మోసే మనిషిగా చూడసాగింది.

1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఆ ఏడాదే కోల్‌కతాలోని సోనాగాచి వేశ్యావాడలో, తోటి మహిళకు తోటి మహిళే చెబితే వింటుందన్న అనుభవం మీద పని ఆరంభమైంది. 1995లో అక్కడి మహిళలు దుర్బార్ మహిళా సమన్వయ కమిటీగా ఏర్పడ్డారు. ఆంధ్రలో సోనాగాచి వంటి వాడలు అరుదు. ఇక్కడి మహిళలు చాలావరకు ఇళ్లలో, లాడ్జీలలో, బస్టాండు దగ్గర, హైవే మీద విడివిడిగా పని చేస్తారు. పక్కింటికి కూడా తెలియకుండా నెట్టుకొస్తారు. సంఘం పెట్టుకోవాలంటే ముందు ఒకరికొకరు కనపడాలి. ఆ కనపడడం కోసమే పీర్ ఎడ్యుకేటర్ అవసరమైంది. సుమారు 60 మందికి ఒకరు చొప్పున, అదే పని చేసే లేదా చేసిన మహిళ కండోమ్‌లు పంచుతుంది, పరీక్షకు, హెచ్ఐవీకి ఇచ్చే ఏఆర్‌టీ మందులకు రుయా ఆసుపత్రికి తోడు వెళుతుంది. వెళ్లిన చోట ‘అక్కా, నిన్న పోలీసు కొట్టినాడు’ అనో, ‘పాపను బళ్లో చేర్చుకోం అంటున్నారు’ అనో విని, కండోమ్ లెక్క రాసుకుని ఊరుకోలేకపోతుంది. తిరుపతిలో విన్స్ వంటి సంస్థలు ఈ మహిళలతో కలిసి చేస్తున్న హక్కుల పని ఈ రోజువారీ సంభాషణల మీదే నిలబడింది.

ఈ పనిలో అన్నిటికంటే భయపెట్టేది ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం రాసుకునే పేర్ల జాబితా. పేరు నమోదైతే రేపు ఎవరి చేతికి చిక్కుతుందో తెలియదు. 2020 మార్చి 20 నుంచి జూన్ రెండో వారం వరకు తిరుమలలో భక్తులకు దర్శనం నిలిచిపోయి, లాడ్జీలు ఖాళీ అయినప్పుడు ఆ జాబితాయే ఇంకో రూపం దాల్చింది. గుర్తింపు పత్రాలు అడగకుండా, ఎయిడ్స్ నియంత్రణ సంస్థ గుర్తించిన సెక్స్ వర్కర్లకు రేషన్ ఇవ్వాలని సుప్రీంకోర్టు సెప్టెంబరు 29న ఆదేశించింది. అంటే రోగాన్ని లెక్కించడానికి రాసుకున్న పేరే ఆకలికి ఆధారమైంది. భయంతో పేరు ఇవ్వని మహిళ బయటే ఉండిపోయింది.

ఆ ఆదేశం వచ్చిన కేసు కోల్‌కతాలో 1999లో హత్యకు గురైన ఒక సెక్స్ వర్కర్‌ది. ఆ హత్యకు శిక్షపడిన బుద్ధదేవ్ కర్మాస్కర్ అప్పీలును 2011లో తోసిపుచ్చిన సుప్రీంకోర్టు, సెక్స్ వర్కర్ల పునరావాసాన్ని తానే విచారణకు తీసుకుని ప్యానెల్‌ను నియమించింది. 2022 మే 19న ఇచ్చిన ఆదేశాలలో కండోమ్‌ను నేరానికి సాక్ష్యంగా చూపరాదన్నది పీర్ ఎడ్యుకేటర్లకు పెద్ద ఊరట, ఎందుకంటే ప్రభుత్వం ఇచ్చిన సంచితోనే వారు తిరుగుతారు. ఆధార్ ఇచ్చేటప్పుడు వృత్తి బయటపడే ఏ గుర్తూ ఉండరాదని కూడా కోర్టు చెప్పింది.

పత్రికలు ఎక్కువగా రాసిన మాట ఒకటుంది: ఇక దాడులలో మహిళలను అరెస్టు చేయరని. అది ప్యానెల్ సిఫార్సు. కేంద్రం అభ్యంతరం చెప్పినందున అప్పటికి కోర్టు అమలు చేయమన్న వాటిలో అది లేదు. అందువల్ల లాడ్జీలో దొరికిన మహిళను ‘రక్షించి’ మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టడం, 17వ సెక్షన్ కింద ఏడాది నుంచి మూడేళ్ల వరకు హోమ్‌లో ఉంచమని ఆదేశించడం ఇప్పటికీ సాధ్యమే. విడిచిపెట్టి ఎవరికైనా అప్పగించాలంటే చట్టం పేర్కొన్నది తల్లిదండ్రులను, సంరక్షకుడిని, భర్తను. ఈ పని సంగతి తెలియకూడదని ఆమె ఇన్నాళ్లు దాచింది సరిగ్గా వారి దగ్గరే. అన్నీ తెలిసి స్టేషన్ బయట నిలుచున్న పీర్ ఎడ్యుకేటర్ పేరు ఆ వరుసలో లేదు.