పరుగెత్తే క్వార్టర్‌బ్యాక్, ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్: అపోహలు – వాస్తవాలు

పాస్ విసరడమే కాక, బంతి పట్టుకుని తనే పరుగెత్తి డిఫెన్స్‌ను దెబ్బతీయగల క్వార్టర్‌బ్యాక్‌ను (జట్టు దాడిని నడిపించే ఆటగాణ్ని) అమెరికన్ ఫుట్‌బాల్‌లో డ్యూయల్ థ్రెట్ అంటారు. ఇలాంటి ఆటగాడు కాలేజీ నుంచి డ్రాఫ్ట్ (ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే ప్రక్రియ; ఒక్కో ఎంపిక ఒక పిక్) దాకా ఎలా ఎదుగుతాడన్నదానిపై చాలా అపోహలున్నాయి. డాలస్, హ్యూస్టన్ వైపు స్థిరపడిన మనవాళ్లలో కాలేజీ ఆటలు చూసేవాళ్లకూ ఇవి పరిచయమే. వాటిని జేడెన్ డేనియల్స్ ఉదాహరణతో విప్పి చూద్దాం. 2019లో అరిజోనా స్టేట్‌లో మొదలుపెట్టి, 2022లో ఎల్‌ఎస్‌యూకి (లూసియానా స్టేట్ యూనివర్సిటీకి) మారి, 2023లో కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచి, 2024 డ్రాఫ్ట్‌లో రెండో పిక్‌గా వాషింగ్టన్ జట్టుకు వెళ్లిన ఆటగాడు.

అపోహ: పరుగే అతన్ని డ్రాఫ్ట్‌లో పైకి లేపింది.

వాస్తవం: పరుగు అతనికి ముందు నుంచీ ఉంది. 2021లో అరిజోనా స్టేట్ తరఫునే 710 యార్డులు పరుగెత్తాడు. కానీ ఆ ఏడాది అతని పాస్‌లలో 10 టచ్‌డౌన్లు (స్కోరు తెచ్చినవి), 10 ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి అందుకున్నవి). 2023కి వచ్చేసరికి 40 టచ్‌డౌన్లు, 4 ఇంటర్‌సెప్షన్లు, 3,812 యార్డులు. వేసిన పాస్‌లలో 72.2 శాతం చేరాల్సిన చేతుల్లోకే చేరాయి. పరుగు కూడా పెరిగి 1,134 యార్డులైంది, నిజమే. అయితే అతని విలువను మార్చింది మాత్రం పాసే.

ఈ రెండింటికీ సంబంధం ఉంది. క్వార్టర్‌బ్యాక్ పరుగెత్తుతాడన్న భయంతో డిఫెన్స్ అందరికన్నా వెనక కాపు కాసే సేఫ్టీల్లో ఒకరిని ముందుకు దించుతుంది. దాంతో అంచుల్లో పాస్ అందుకునే రిసీవర్‌కు ఒక్క డిఫెండరే ఎదురుగా మిగులుతాడు. ఆ ఖాళీలోకి లోతైన పాస్ వేయగలిగితేనే కాళ్లకు పూర్తి విలువ. మలిక్ నేబర్స్, బ్రయన్ థామస్ లాంటి రిసీవర్లు ఉండటం 2023లో బాగా కలిసొచ్చింది. దాన్ని కాదనడం అన్యాయం.

ఫిల్మ్ (మ్యాచ్ వీడియో) చూసేటప్పుడు బంతిని కాదు, హెల్మెట్‌ను చూడండి. పాకెట్ (పాస్ వేసేవాడి చుట్టూ సహచరులు కట్టిన రక్షణ వలయం) కూలుతున్నప్పుడు హెల్మెట్ ముందరి భాగం మీదికొస్తున్న డిఫెండర్ల వైపు కిందికి దిగిందంటే కళ్లు మైదానాన్ని వదిలేసినట్టే. మూడు సెకన్ల తర్వాత కూడా కళ్లు పైనే ఉండి, పాదాలు చిన్న చిన్న అడుగులతో ముందుకు జరుగుతుంటే అక్కడ క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడు. మొదటి రిసీవర్‌ను మూసేయగానే పరుగు లంకించుకునేవాడు కాలేజీలో యార్డులు తెస్తాడు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో శాక్‌లు (పాస్ వేయకముందే వెనకే పడగొట్టబడటం) తెస్తాడు.

అపోహ: స్కోరు పట్టికలో రన్నింగ్ యార్డులు చూస్తే చాలు.

వాస్తవం: కాలేజీ లెక్కల్లో శాక్ కూడా క్వార్టర్‌బ్యాక్ పరుగు కిందికే వస్తుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆ నష్టాన్ని జట్టు పాసింగ్ యార్డుల్లోంచి తీసేస్తారు. ఒకడు 12 సార్లు పరుగెత్తి 96 యార్డులు తెచ్చాడనుకోండి, 4 శాక్‌లలో 28 యార్డులు పోయాయనుకోండి. కాలేజీ పట్టికలో 16 పరుగులు, 68 యార్డులని కనిపిస్తుంది. సగటు ఎనిమిది నుంచి నాలుగుంపావుకు పడిపోతుంది. అందుకే ముందు శాక్‌లు తీసేయాలి. ఆ తర్వాత ముందే వేసుకున్న పరుగులనూ, పాస్ కుదరక తీసిన పరుగులనూ విడివిడిగా లెక్కపెట్టాలి. మొదటి రకం కోచ్ తెలివిని చూపిస్తుంది. రెండోది ఆటగాడి స్వభావాన్ని చూపిస్తుంది.

అపోహ: 40 యార్డుల పరుగు సమయమే పిక్‌ను తేలుస్తుంది.

వాస్తవం: మరో పరుగెత్తే క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్ కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కు ముందు జరిగే పరీక్షల్లో) ఆ పరుగు తీయనే లేదు. డేనియల్స్ కూడా అంతే. ఇంకో క్వార్టర్‌బ్యాక్ ఆంథొనీ రిచర్డ్‌సన్ 2023లో 4.43 సెకన్లలో పరుగెత్తి నాలుగో పిక్‌గా వెళ్లిన మాట నిజం. అయితే కాలేజీలో అతను మొదటి నుంచి ఆడిన మ్యాచ్‌లు 13 మాత్రమే, 2022లో పాస్‌లు చేరింది 53.8 శాతం. గడియారం ఈ లోటును పూడ్చదు.

అపోహ: పరుగెత్తేవాడు చివరికి రిసీవర్‌గా మారాల్సిందే.

వాస్తవం: జాక్సన్‌కు ఇదే సలహా ఇచ్చారు. 2018లో మొదటి రౌండ్ చిట్టచివర, 32వ పిక్‌గా వెళ్లాడు. మరుసటి ఏడాదే 36 టచ్‌డౌన్ పాస్‌లతో లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచి, ఒక్క ఓటూ చీలకుండా ఎంవీపీ (సీజన్ అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు. ఈ అపోహకు ఇంతకు మించి జవాబు అక్కర్లేదు.

అపోహ: పరుగెత్తితేనే గాయాలు.

వాస్తవం: 2023లో అలబామాపై డేనియల్స్ 163 యార్డులు పరుగెత్తాడు. అతన్ని మ్యాచ్ నుంచి బయటికి పంపిన దెబ్బ మాత్రం పాస్ వేసినప్పుడు తగిలింది. పైగా దానికి డిఫెన్స్‌పై పెనాల్టీ కూడా పడింది. పాకెట్‌లో నిలబడినవాడికి పక్క నుంచి వచ్చేది కనిపించదు. పరుగెత్తేవాడికి చాలావరకు కనిపిస్తుంది. సరిగ్గా వారం తర్వాత ఫ్లోరిడాపై 372 యార్డుల పాస్‌లు, 234 యార్డుల పరుగు సాధించాడు. ఒకే మ్యాచ్‌లో 350 పాసింగ్, 200 రన్నింగ్ దాటినవాడు ఎఫ్‌బీఎస్ (కాలేజీ ఫుట్‌బాల్ అగ్రశ్రేణి) స్థాయిలో అంతకుముందు లేడు.

అలాగని పరుగు క్షేమమని కాదు. వాషింగ్టన్‌కు ఆడిన మొదటి సీజన్‌లో 46 యార్డుల పరుగు చివర పక్కటెముకలకు గాయమైంది. ఎక్కువగా జరిగే తప్పు స్లైడ్ (దెబ్బ తగలకముందే నేలపై జారి ఆట ఆపడం) ఆలస్యం కావడం. డిఫెండర్ రెండు మూడు యార్డుల దూరంలో ఉండగానే పాదాలు ముందుకు పెట్టి జారాలి, బంతిని రెండు చేతులతో ఛాతీకి హత్తుకోవాలి. చేతులు, పాదాలు కాకుండా శరీరంలో ఏ భాగం ముందు నేలను తాకితే అక్కడే బంతి ఆగుతుంది. కాబట్టి థర్డ్ డౌన్‌లో (పది యార్డులు సాధించడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో మూడోదానిలో) ఆ పది యార్డుల గీత దాటడానికి ఇంకో యార్డు కావాలన్న ఆశతో ఆలస్యం చేస్తారు, తల వంచి దూరతారు. ఈ ఆశను ఎక్కడ వదులుకోవాలో నేర్పడం కోచ్ పనుల్లో అన్నిటికన్నా కష్టమైనది.

అపోహ: కాలేజీ ప్లేబుక్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోనూ యథాతథంగా నడుస్తుంది.

వాస్తవం: మైదానం వెడల్పు రెండు చోట్లా 160 అడుగులే. ప్రతి ఆట మొదలయ్యే బంతిని వాటిపైనో, వాటి మధ్యనో పెట్టే హ్యాష్ గుర్తుల మధ్య దూరం కాలేజీలో 40 అడుగులైతే, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు. బంతి ఒక హ్యాష్ మీద ఉంటే కాలేజీలో విశాలమైన వైపు 100 అడుగులు దొరుకుతుంది, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో సుమారు 89. అంచు చుట్టి పరుగెత్తేవాడికి ఆ 11 అడుగులే తేడా తెస్తాయి.

జోన్ రీడ్ అనే పరుగు ఎత్తుగడలో అంచున ఉన్న డిఫెన్సివ్ ఎండ్‌ను కావాలనే బ్లాక్ చేయరు. క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నింగ్ బ్యాక్ పొట్ట దగ్గర పెట్టి, ఎండ్ భుజాలను చూస్తాడు. భుజాలు లోపలికి తిరిగితే బంతి లాక్కుని బయటికి పరుగెత్తుతాడు, తనకు ఎదురుగా నిలిస్తే బంతిని రన్నింగ్ బ్యాక్‌కే వదిలేస్తాడు. దీనికి విరుగుడు కూడా ఉంది. ఎండ్ కావాలనే లోపలికి దూకుతాడు, అతని వెనక నుంచి లైన్‌బ్యాకర్ చుట్టుకొచ్చి బయట కాచుకుంటాడు. ఎండ్‌ను మాత్రమే చూసినవాడు నేరుగా వెళ్లి ఆ లైన్‌బ్యాకర్ చేతిలో పడతాడు. పరుగా, పాసా అన్నది ఆట మొదలయ్యాకే తేల్చుకునే ఆర్‌పీఓలలో ఇంకో చిక్కు ఉంది. క్వార్టర్‌బ్యాక్ ముందు అడ్డుగా నిలిచే లైన్‌మెన్ పాస్ పడేలోగా కాలేజీలో మూడు యార్డుల దాకా ముందుకెళ్లవచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క యార్డే. నిర్ణయానికి దొరికే సమయం ఆ మేరకు తగ్గిపోతుంది.

అపోహ: అర్హత రాగానే వెళ్లిపోవడమే లాభం.

వాస్తవం: హైస్కూల్ ముగిశాక మూడేళ్లు గడిస్తే డ్రాఫ్ట్‌కు అర్హత వస్తుంది. డేనియల్స్ ఐదు సీజన్లు ఆడాడు. ఎన్‌ఎఫ్‌ఎల్ సలహా కమిటీని అడిగితే మొదటి రౌండ్, రెండో రౌండ్, లేదంటే కాలేజీలోనే ఉండమని మూడు రకాల జవాబులే వస్తాయి. మూడోది వచ్చిన ఆటగాడు ఏజెంట్ల మాట కన్నా ఆ కాగితాన్నే నమ్మడం మంచిది. 2021 జులై నుంచి కాలేజీలో ఉండగానే పేరు, ఫొటోల మీద సంపాదించుకునే వీలుంది కాబట్టి, డబ్బు కోసమే తొందరపడాల్సిన అవసరం మునుపటంత లేదు.